పట్టాలు లేని రైలుమార్గం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హారియట్ టబ్‌మన్ ఎవరని గత సంచికలో ఒక పాఠకుడు అడిగిన చిన్న ప్రశ్నకు అంతే చిన్న జవాబు ఇచ్చాం. అమెరికాలో బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో మేరీలాండ్ నుంచి తప్పించుకొని, ఆ తరువాత మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళి తనవాళ్ళను విడిపించుకొచ్చిన స్త్రీ అనీ, ఆమెకు తోడ్పడిన రహస్య బృందాలను ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అంటారనీ రాసి ఊరుకున్నాం. అలా ఊరుకోవడం చాలామందికి నచ్చలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఇది నిజంగా భూమి లోపల సొరంగం తవ్వి నడిపిన రైలా? కాకపోతే ఆ పేరు ఎందుకు వచ్చింది?

జవాబు: సొరంగమూ లేదు, పట్టాలూ లేవు. దక్షిణాది రాష్ట్రాల బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారికి ఒక రాత్రి ఆశ్రయం ఇచ్చి, తిండి పెట్టి, బట్టలు మార్పించి, తరువాతి ఇంటికి చేర్చే మనుషుల వరుసకు అది మారుపేరు. 1830ల నాటి అమెరికాలో రైలు కొత్త వింత. కాలినడకన, గుర్రపు బండ్ల మీద మాత్రమే ప్రయాణం తెలిసిన జనం నోట రైలు మాటలు అప్పుడప్పుడే పడుతున్నాయి. కనుక దాచే ఇల్లు ‘స్టేషన్’ అయింది, ఆ ఇంటివాడు ‘స్టేషన్ మాస్టర్’ అయ్యాడు, దారి చూపి నడిపించేవారు ‘కండక్టర్లు’ అయ్యారు. పారిపోయి వచ్చినవారిని ఉత్తరాల్లో ప్రయాణికులనీ, ఒక్కోసారి సరుకనీ రాసుకునేవారు. 1831లో టైస్ డేవిడ్స్ అనే వ్యక్తి కెంటకీ నుంచి ఒహాయో నది ఈది అవతలి ఒడ్డున మాయమైపోతే, వెంటాడి వచ్చిన యజమాని “వీడు భూమి లోపలి దారిన పోయినట్టున్నాడు” అన్నాడనీ, పేరు అక్కడి నుంచే పుట్టిందనీ ఒక కథ ఉంది. కథగా బాగుంటుంది కాబట్టి అందరూ చెబుతారు, అంతకు మించి దానికి బలం లేదు.

ఈ పేరు వల్ల ఒక పొరపాటు అభిప్రాయం కూడా స్థిరపడింది. రైలు సంస్థకు ఉన్నట్టు దీనికీ ఒక కేంద్ర కార్యాలయం, అధికారులు, మార్గాల పటం ఉండేవని చాలామంది అనుకుంటారు. అటువంటివేవీ లేవు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాల్లో ‘విజిలెన్స్ కమిటీ’ల పేరుతో చందాలు పోగుచేసి పనిచేసిన సంఘాలు ఉండేవి. పల్లెల్లో మాత్రం చాలామందికి తమ ఇంటి తరువాత ఏ ఇల్లో అంతవరకే తెలుసు. ఎవరైనా పట్టుబడితే చెప్పడానికి అంతకంటే ఎక్కువ తెలియకపోవడమే అందరికీ రక్షణగా ఉండేది.

ప్రశ్న: ఒక మనిషి ఎలా తప్పించుకునేవాడో బయలుదేరిన దగ్గర నుంచి వివరంగా చెప్పగలరా? మొదటి నుంచీ ఈ బృందాలే తీసుకువెళ్ళేవా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ చరిత్రలో ఎక్కువగా తలకిందులైన విషయం అదే. ప్రయాణంలో అతి ప్రమాదకరమైన భాగాన్ని, అంటే తోటలోని గుడిసె నుంచి, బానిసత్వం లేని స్వేచ్ఛా రాష్ట్రపు సరిహద్దు దాకా ఉన్న దారిని, చాలామంది తమంతట తామే దాటారు. దక్షిణాది లోపలి భాగాల్లో వారికి ఆదరువు దొరికితే అది సాధారణంగా మరో బానిస ఇచ్చిన గుప్పెడు తిండి, లేదా స్వేచ్ఛ పొందిన నల్లజాతి కుటుంబం చూపిన పాక. వ్యవస్థ అని చెప్పదగినది ఎక్కువగా సరిహద్దు దాటాకనే మొదలయ్యేది. పెన్సిల్వేనియాకూ మేరీలాండ్‌కూ మధ్యనున్న మేసన్-డిక్సన్ రేఖ ఒక సరిహద్దు, కెంటకీకీ ఒహాయో రాష్ట్రానికీ మధ్య పారే ఒహాయో నది మరొకటి. అందుకే పారిపోగలిగినవారిలో మేరీలాండ్, డెలావేర్, వర్జీనియా, కెంటకీల నుంచి వచ్చినవారే ఎక్కువ. అలబామా, మిసిసిపీ పత్తి పొలాల నుంచి ఉత్తరానికి కాలినడకన చేరడం దాదాపు అసాధ్యం. వయసు, కుటుంబం కూడా అడ్డు వచ్చేవి. చంకన బిడ్డ ఉన్న తల్లి రాత్రివేళ చిత్తడి నేలల్లో ఎంత దూరం నడవగలదు? పారిపోయినవారిలో పడుచు మగవారి సంఖ్య ఎక్కువగా ఉండటానికి ధైర్యంలో తేడా కారణం కాదు, ఈ భారమే కారణం.

నడిచి వచ్చినవారు పగలు పొదల్లో దాగి, రాత్రి ధ్రువనక్షత్రాన్ని చూసుకుంటూ సాగేవారు. మబ్బు పట్టిన రాత్రి దిక్కు తెలిసేది కాదు. వేటకుక్కలు, దారుల్లో గస్తీ తిరిగే దళాలు, బహుమానం కోసం కాచుకున్నవారు, ఆకలి, చలి అన్నీ వెంట ఉండేవి. టబ్‌మన్ తన ప్రయాణాలకు ఎక్కువగా చలికాలాన్ని ఎంచుకునేది, రాత్రులు దీర్ఘంగా ఉంటాయి, జనం ఇళ్ళు కదలరు. శనివారం రాత్రి బయలుదేరదీసేది, ఎందుకంటే ఆదివారం గడిచి సోమవారం వస్తే తప్ప యజమాని పత్రికలో ‘పారిపోయారు’ అనే ప్రకటన వేయించలేడు. ఆ ఒకటిన్నర రోజు ముందడుగు ప్రాణంతో సమానం. పసిపిల్లలు ఏడవకుండా నల్లమందు కలిసిన ఔషధం పట్టేదనీ, మధ్యలో భయపడి వెనక్కి పోతానన్నవాడికి తుపాకి చూపించేదనీ ఆమె గురించి రాసినవారు చెబుతారు. వెనక్కి పోయిన ఒక్కడు మిగతా అందరినీ పట్టివ్వగలడు కదా.

ఒహాయో నది దగ్గర రిప్లీ అనే చిన్న పట్టణం ఈ కథలో పెద్దది. అక్కడి కొండ మీద జాన్ రాంకిన్ అనే పాస్టర్ ఇల్లు నది అవతలి కెంటకీ ఒడ్డుకు కనిపించేది, ఆ ఇంటి దీపం చాలామందికి గురి. అదే పట్టణంలో జాన్ పార్కర్ ఉండేవాడు. బానిసగా పుట్టి, ఇనుప ఫౌండ్రీలో పనిచేసి కూడబెట్టిన 1,800 డాలర్లతో 1845లో తనను తానే కొనుక్కొని, రిప్లీలో సొంత ఫౌండ్రీ పెట్టాడు. పగలు పోత పని చూసుకునేవాడు, రాత్రి పడవ వేసుకొని కెంటకీ ఒడ్డుకు వెళ్ళి మనుషులను ఎక్కించుకొచ్చేవాడు. ఒడ్డున దీపం పెట్టిన రాంకిన్ పేరే ఎక్కువమందికి తెలుసు; దీపం వెలుగు చేరని ఒడ్డుకు వెళ్ళినవాడు పార్కర్.

అందరూ నడిచే రాలేదు. రైళ్ళూ ఓడలూ కూడా వాడుకున్నారు, అంటే ‘రైల్‌రోడ్’ అనే మాట కొందరి విషయంలో అక్షరాలా నిజమైంది. తరువాత బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడిగా పేరుపొందిన ఫ్రెడరిక్ డగ్లస్ 1838 సెప్టెంబర్ 3న బాల్టిమోర్‌లో రైలెక్కాడు. ఒంటి మీద కళాసీ దుస్తులు, జేబులో ఒక నల్లజాతి నావికుడి దగ్గర అరువు తెచ్చుకున్న ధ్రువపత్రం ఉన్నాయి. పత్రంలోని పోలికలు అతనికి సరిపోవు. టికెట్ కౌంటర్ దగ్గర అయితే పత్రాలను నిశితంగా చూస్తారని, రైలు కదిలే క్షణంలో ఎక్కేటట్టు ఏర్పాటు చేసుకున్నాడు. రద్దీలో కండక్టర్ పత్రం పైనున్న గద్ద ముద్రను చూసి సంతృప్తిపడి ముందుకు పోయాడు. ఒక్క రోజు తిరగకుండానే డగ్లస్ న్యూయార్క్‌లో ఉన్నాడు. అక్కడ అతనికి ఆశ్రయం ఇచ్చినవాడు డేవిడ్ రగల్స్, నగర విజిలెన్స్ కమిటీకి ప్రాణం వంటివాడు.

జార్జియాలోని మేకన్ నుంచి 1848 డిసెంబర్‌లో విలియం, ఎలెన్ క్రాఫ్ట్ దంపతులు బయలుదేరిన తీరు ఇంకా విచిత్రం. ఎలెన్ తండ్రి ఒక తెల్లజాతి యజమాని, ఆమె మేని రంగు తెలుపు. ఆమె జబ్బుపడిన యువ భూస్వామి వేషం వేసింది, భర్త ఆ భూస్వామి వెంట ఉన్న బానిసగా నటించాడు. ఆమెకు చదవడం రాయడం రాదు. హోటల్ పుస్తకంలో సంతకం చేయమంటారని కుడిచేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీసింది. గడ్డం లేని ముఖం పట్టివ్వకుండా దవడకూ కట్టు కట్టింది. మొదటి రైల్లోనే ఆమెను ఎరిగిన ఒక పెద్దమనిషి పక్కన వచ్చి కూర్చొని పలకరిస్తే, చెవిటివాడిలా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. మొదటి తరగతి రైళ్ళలో, ఆవిరి ఓడల్లో ప్రయాణించి క్రిస్మస్ ఉదయానికి ఫిలడెల్ఫియా చేరారు.

మరుసటి ఏడాది మార్చి 23న రిచ్‌మండ్ నుంచి ఒక చెక్కపెట్టె ఫిలడెల్ఫియాకు పార్సిల్‌గా బయలుదేరింది. పొడవు 3 అడుగులు, లోతు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 2 అడుగులు. లోపల హెన్రీ బ్రౌన్ ఉన్నాడు. అంతకు ముందటి ఏడాది అతని భార్యనూ పిల్లలనూ అమ్మేసి నార్త్ కరోలినాకు తోలుకుపోయారు. పెట్టెలో అతనితో ఉన్నవి కాస్త నీరు, నాలుగు బిస్కెట్లు, గాలి కోసం బెజ్జం చేసుకోవడానికి ఒక బరమా. ‘ఈ వైపు పైకి’ అని రాసి ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు, దారిలో చాలాసేపు తలకిందులుగా ఉండాల్సి వచ్చింది. 27 గంటల తరువాత బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యాలయంలో మూత తెరిస్తే ప్రాణాలతో లేచి నిలబడ్డాడు. అప్పటి నుంచి లోకానికి అతను ‘బాక్స్’ బ్రౌన్.

ఈ చివరి రెండు కథలూ దేశమంతా మారుమోగాయి, అది డగ్లస్‌కు నచ్చలేదు. పెట్టె ఉపాయాన్ని గుట్టుగా ఉంచి ఉంటే ఏటా వెయ్యిమంది బాక్స్ బ్రౌన్‌లు వచ్చి ఉండేవారని అతను రాశాడు. అతని ఆవేదన అన్యాయమైనది కాదు. బ్రౌన్‌ను పెట్టెలో పెట్టి పంపిన శామ్యూల్ స్మిత్ మరికొందరిని అలాగే పంపబోయి దొరికిపోయి జైలుకు వెళ్ళాడు. డగ్లస్ మాత్రం తాను ఎలా తప్పించుకున్నాడో పూర్తి వివరాలను 1881 దాకా, అంటే బానిసత్వం రద్దయిన దాదాపు పదహారేళ్ళ తరువాత వరకూ, బయటపెట్టలేదు. ఉద్యమంలో కొందరు చాటింపు వేసుకోవడాన్ని వెక్కిరిస్తూ, ఇది భూగర్భ రైలు కాదు, భూమి పైన నడిచే రైలు అని తన 1845 నాటి ఆత్మకథలో ఎత్తిపొడిచాడు కూడా.

ప్రశ్న: దుప్పట్ల మీద కుట్టిన డిజైన్లు రహస్య సంకేతాలనీ, పాటల్లో దారి చెప్పే పటం దాగి ఉండేదనీ మా అమ్మాయి పాఠశాల ప్రాజెక్టు కోసం చదివింది. ఎంతవరకు నిజం?

జవాబు: మీ అమ్మాయిని నిరుత్సాహపరచడం ఇష్టం లేకపోయినా ఉన్నది చెప్పాలి. దుప్పట్ల సంకేతాల కథ విస్తృతంగా ప్రచారమైంది 1999లో వెలువడిన ఒక పుస్తకంతో. దానికి ఆధారం ఒక కుటుంబంలో చెప్పుకున్న మాట. తప్పించుకు వచ్చినవారు స్వయంగా చెప్పిన, రాసిన వృత్తాంతాలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఈ సంకేతాల ఊసు లేదు. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. సప్తర్షి మండలాన్ని సొరకాయ బుర్రతో పోల్చి ‘దాని వెంట నడవండి’ అని చెప్పే పాట కూడా ఇంతే. అది అచ్చులోకి వచ్చింది 1928లో. నక్షత్రాలను చూసి నడిచిన మాట నిజమే గాని, ఆ పాటను దారిపటంగా వాడారనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదు.

అలాగని సంకేతాలే లేవని కాదు, ఉన్నవి ఇంతకంటే తెలివైనవి. 1854 డిసెంబర్‌లో టబ్‌మన్ తన అన్నదమ్ముల కోసం వెళ్ళబోతూ, మేరీలాండ్‌లో ఉన్న జేకబ్ జాక్సన్ అనే చదువు వచ్చిన నల్లజాతి స్వేచ్ఛాజీవికి, అంటే ఎవరికీ బానిస కానివాడికి, ఒక ఉత్తరం రాయించింది. అక్షరాలు రాని ఆమె మరొకరి చేత రాయించిన ఆ ఉత్తరం కింద జేకబ్ పెంపుడు కొడుకు పేరు ఉంది. అందులో ముసలివాళ్ళకు నా ప్రేమ చెప్పండి, నా సోదరులను మెలకువగా ప్రార్థనలో ఉండమనండి, సియోను ఓడ వచ్చినప్పుడు ఎక్కడానికి సిద్ధంగా ఉండమనండి అనే అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. నల్లజాతివారికి వచ్చే ఉత్తరాలను ముందు తెల్లజాతి అధికారులు విప్పి చదివేవారు. ఆ పెంపుడు కొడుకుకు అక్కడ ముసలివాళ్ళూ లేరు, సోదరులూ లేరు, కనుక వారికి తలా తోకా తెలియలేదు. జేకబ్‌ను పిలిపించి చూపిస్తే, అతను చదివి, ఇది నాకు రాసింది కాదేమో, నాకేమీ అర్థం కావడం లేదని కిందపెట్టి వెళ్ళిపోయి, నేరుగా టబ్‌మన్ సోదరులకు కబురు చేరవేశాడు. క్రిస్మస్ నాడు వాళ్ళు బయలుదేరారు. మీ అమ్మాయి ప్రాజెక్టులో దుప్పటి బొమ్మ ఉండే చోట ఈ ఉత్తరం గురించి రాయమని నా సలహా.

ప్రశ్న: ఇదంతా క్వేకర్లనే దయగల తెల్లజాతి క్రైస్తవులు నడిపించారని చదివాను. అది సరైనదేనా?

జవాబు: సగం సరైనది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక జ్ఞాపకాలు రాసుకునే తీరిక, అచ్చువేయించే స్తోమత ఎక్కువగా తెల్లజాతి ఉద్యమకారులకే ఉండేవి, అందువల్ల చరిత్ర చాలాకాలం వారి ఇళ్ళ చుట్టూనే తిరిగింది. వారి సాహసాన్ని తక్కువ చేయనక్కరలేదు. డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో ఇనుప సామాను వ్యాపారి థామస్ గారెట్ సుమారు 2,700 మందికి సాయం చేశానని లెక్క చెప్పాడు. 1848లో కోర్టు భారీ జరిమానా వేసినా మానలేదు. ఇండియానాలోనూ ఆ తరువాత సిన్సినాటిలోనూ లెవీ కాఫిన్ ఇల్లు పేరుమోసినది. కాల్విన్ ఫెయిర్‌బ్యాంక్ కెంటకీ జైల్లో మొత్తం 17 ఏళ్ళ దాకా గడిపాడు. జొనాథన్ వాకర్ అనే ఓడ కెప్టెన్ అరచేతి మీద 1844లో ఫ్లోరిడాలో ‘బానిసల దొంగ’ అనే అర్థం వచ్చే రెండక్షరాలు కాల్చి ముద్ర వేశారు.

కాని రాత్రి తలుపు తట్టే అపరిచితుడికి మొదట గుర్తొచ్చేది తనలాంటి మనుషులున్న పేట, వారి చర్చి. న్యూయార్క్‌లో రగల్స్, ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్, సిరక్యూస్‌లో జెర్మెయిన్ లోగెన్ నల్లజాతివారే. తాను కూడా పారిపోయి వచ్చినవాడే అయిన లోగెన్ తన ఇంటికి రావచ్చని పత్రికల్లోనే బాహాటంగా తెలియజేసేవాడు. వారు పట్టుబడితే పడే శిక్షలో జైలుతో పాటు మరొకటి కూడా ఉండేది. స్వేచ్ఛాజీవిగా పుట్టిన శామ్యూల్ బరిస్‌ను డెలావేర్ కోర్టు బానిసగా వేలం వేయమని తీర్పు ఇచ్చింది. ఉద్యమ మిత్రుడొకరు కొనుగోలుదారులా వచ్చి పాడుకోవడం వల్ల బయటపడ్డాడు. మేరీలాండ్‌లో శామ్యూల్ గ్రీన్ అనే నల్లజాతి పాస్టర్ ఇల్లు సోదా చేస్తే పారిపోవడానికి సాయపడ్డాడనే రుజువు దొరకలేదు, బానిసత్వాన్ని విమర్శించే ఒక నవల దొరికింది. ఆ నవల ఉంచుకున్నందుకు 1857లో పదేళ్ళ శిక్ష వేశారు.

ప్రశ్న: టబ్‌మన్ 300 మందిని విడిపించిందనీ, ఆమె తలకు 40,000 డాలర్ల వెల కట్టారనీ అంటారు. నిజమేనా?

జవాబు: రెండూ పెరిగిన లెక్కలే. 1860లలో ఆమె మీద వెలువడిన జీవిత కథ 19 ప్రయాణాలు, 300 మంది అని రాసింది. పత్రాలను పోల్చి చూసిన తరువాతి పరిశోధన ప్రకారం సుమారు 13 ప్రయాణాలు, దాదాపు 70 మంది. 40,000 డాలర్ల ప్రకటన ఏదీ లేదు. ఉన్నది 1849 అక్టోబర్ నాటిది, ఆమెకూ ఇద్దరు సోదరులకూ కలిపి వేసినది, రాష్ట్రం బయట పట్టుకుంటే తలకు 100 డాలర్లు ఇస్తామన్నది. చిన్నతనంలో రెండు పౌన్ల తూకపు రాయి తలకు తగిలి, నడుస్తూ నడుస్తూనే హఠాత్తుగా నిద్రలోకి జారిపోయే స్త్రీ ఆమె. పదమూడు సార్లు ఆ దారిన పోయి వచ్చిందంటే దానికి సున్నాలు కలపాల్సిన అవసరం నాకు కనిపించదు. పైగా 1863 జూన్‌లో, అంతర్యుద్ధ సమయంలో, సౌత్ కరోలినాలోని కంబాహీ నది మీద సైనిక పడవలకు దారి చూపి ఒక్క దాడిలో 700 మందికి పైగా విడిపించడంలో ఆమె పాలుపంచుకుంది. ఆ లెక్క అతిశయోక్తి కాదు.

మొత్తం ఎంతమంది తప్పించుకున్నారన్నదానికి అంచనాలు 30,000 నుంచి లక్ష దాకా ఉన్నాయి. జనాభా లెక్కలు 1850లో ఆ ఏడాది పారిపోయినవారు 1,011 అనీ, 1860లో 803 అనీ చూపించాయి. యజమానులు చెప్పిన అంకెలు కనుక వీటిని తక్కువ లెక్కగానే చూడాలి. 1860లో బానిసత్వంలో ఉన్నవారు దాదాపు 40 లక్షలు. పోల్చి చూస్తే తప్పించుకున్నవారు పిడికెడు. అయినా ఆ పిడికెడు మంది కోసం దేశం చట్టం రాసుకుంది, వీధుల్లోకి సైన్యాన్ని దించింది.

ప్రశ్న: ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వం లేనప్పుడు అక్కడ ఆగిపోకుండా కెనడా దాకా ఎందుకు పోయేవారు?

జవాబు: పైన చెప్పిన చట్టం వల్లనే. స్వేచ్ఛా రాష్ట్రంలో అడుగుపెట్టినంత మాత్రాన పారిపోయిన మనిషి చట్టం దృష్టిలో స్వేచ్ఛాజీవి కాడు. తిరిగి అప్పగించాలన్న నిబంధన అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. 1793 చట్టం దానికి విధానం ఏర్పరచి, అడ్డుపడినవారికి 500 డాలర్ల జరిమానా పెట్టింది. ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని దీన్ని అమలుకానివ్వకుండా సొంత చట్టాలు చేసుకున్నాయి. దానికి విరుగుడుగా 1850 సెప్టెంబర్ 18న కొత్త చట్టం వచ్చింది. దాని కింద పట్టుబడిన మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు, జ్యూరీ లేదు. ఆశ్రయం ఇచ్చినవారికి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. తీర్పు చెప్పే కమిషనర్‌కు, ఇతను పారిపోయిన బానిసే అని తేలిస్తే 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. అప్పగింతకు కాగితాల పని ఎక్కువ కాబట్టి ఆ తేడా అని చట్టాన్ని సమర్థించినవారు చెప్పుకున్నారు.

క్రాఫ్ట్ దంపతులను పట్టుకోవడానికి మనుషులు బోస్టన్ దాకా వచ్చారు. స్థానికులు దాచి రక్షించినా, చివరికి ఇద్దరూ ఇంగ్లండ్‌కు ఓడ ఎక్కవలసి వచ్చింది. 1854లో ఆంథనీ బర్న్స్‌ను అదే బోస్టన్‌లో పట్టుకొని వర్జీనియాకు తిప్పి పంపేటప్పుడు, వీధుల పొడవునా సైనికులు బారులు తీరితే తప్ప అతన్ని రేవుకు చేర్చలేకపోయారు. మరుసటి ఏడాది నల్లజాతి చర్చివారు చందాలెత్తి 1,300 డాలర్లకు అతన్ని కొని విడిపించారు. అతను చదువుకొని, కెనడాలోని సెయింట్ క్యాథరిన్స్ అనే ఊరి చర్చిలో పాస్టర్‌గా పనిచేస్తూ 1862లో చనిపోయాడు. టబ్‌మన్ కూడా తనవాళ్ళను కొన్నేళ్ళ పాటు ఆ ఊరికే చేర్చింది, అంకుల్ శామ్‌ను, అంటే అమెరికా ప్రభుత్వాన్ని, ఇక నమ్మలేక కెనడాకే తీసుకుపోయాననే అర్థంలో చెప్పుకుంది.

నేటి ఒంటారియో అయిన అప్పర్ కెనడా 1793లోనే కొత్తగా బానిసలను తేవడాన్ని నిషేధించింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు 1834 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. అప్పగించమని అమెరికా అడిగినా అక్కడి ప్రభుత్వం సాధారణంగా ఒప్పుకునేది కాదు. 1833లో డెట్రాయిట్‌లో జనం సాయంతో చెర తప్పించుకున్న థార్న్‌టన్, లూసీ బ్లాక్‌బర్న్ దంపతుల విషయంలో అది మొదటిసారి గట్టిగా తేలింది. ఆ థార్న్‌టన్ తరువాత టొరంటోలో మొట్టమొదటి బాడుగ గుర్రపు బండి వ్యాపారం పెట్టాడు.

ఉత్తరం ఒక్కటే దిక్కు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లోరిడా స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు కరోలినా బానిసలు దక్షిణానికే పారిపోయేవారు. సెయింట్ అగస్టీన్ దగ్గర 1738లో వారికోసం ఫోర్ట్ మోసే అనే కోట, ఊరు ఏర్పడ్డాయి. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేశాక టెక్సస్ నుంచి రియో గ్రాండే నది దాటినవారు వేలల్లో ఉన్నారు. వారికి స్టేషన్లూ కండక్టర్లూ చాలావరకు లేరు, అందుకే వారి కథలూ తక్కువే మిగిలాయి.

ప్రశ్న: అన్నీ రహస్యంగా జరిగినప్పుడు ఈ వివరాలన్నీ మనకు ఎలా తెలిశాయి? రాసిపెట్టుకోవడం ప్రమాదం కాదా?

జవాబు: ప్రమాదమే. చాలామంది తమ దగ్గరున్న కాగితాలను కాల్చేశారు. రాసినవారిలో ముఖ్యుడు విలియం స్టిల్. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యాలయంలో గుమస్తాగా చేరి, తరువాత అక్కడి విజిలెన్స్ కమిటీకి సారథి అయ్యాడు. వచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి పేరు, వయసు, పెట్టుకున్న మారుపేరు, యజమాని ఎవరు, ఎలాంటివాడు, వెనుక ఎవరెవరిని వదిలి వచ్చారు అని అడిగి రాసుకునేవాడు. ఎవరికి బూట్లు కొన్నారో, ఎవరి టికెట్టుకు ఎంతయిందో కూడా లెక్కల్లో ఉంటుంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైనవి ఆ పద్దులే. సొరంగాల కథల్లో కనిపించని మనుషులు అక్కడ బూట్ల కొలతతో సహా కనిపిస్తారు. ఆ పుస్తకాలను చాలాకాలం నగరంలోని లెబనాన్ అనే శ్మశానవాటికలో దాచి ఉంచి, 1872లో పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు.

అంత ప్రమాదం ఎందుకు తలకెత్తుకున్నాడన్నది మీ ప్రశ్నలో అసలు భాగం. స్టిల్ తల్లి మేరీలాండ్ నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ. మొదటిసారి నలుగురు పిల్లలతో పారిపోయి పట్టుబడింది. రెండోసారి ఇద్దరు ఆడపిల్లలను మాత్రమే తీసుకొని, నిద్రపోతున్న ఇద్దరు మగపిల్లలు లెవిన్, పీటర్‌లను వదిలి వచ్చింది. ఆ ఇద్దరినీ కెంటకీకి, అక్కడి నుంచి అలబామాకు అమ్మేశారు. లెవిన్ అక్కడే చనిపోయాడు. విలియం ఇవతల స్వేచ్ఛా రాష్ట్రమైన న్యూజెర్సీలో పుట్టిన కడసారపు బిడ్డ, ఆ అన్నలను చూసి ఎరగడు. 1850 ఆగస్టులో ఒక నడివయసు మనిషి కార్యాలయానికి వచ్చి, 500 డాలర్లతో తనను తాను విడిపించుకున్నాననీ, నలభై ఏళ్ళ క్రితం విడిపోయిన తల్లిదండ్రుల కోసం వెతుకుతున్నాననీ చెప్పాడు. తల్లి పేరు సిడ్నీ, తండ్రి పేరు లెవిన్ అన్నాడు. రాసుకుంటున్న స్టిల్‌కు అవి తన తల్లి పాత పేరు, తన తండ్రి పేరు అని తెలిసింది. ఎదురుగా కూర్చున్నవాడు పీటర్. ఇటువంటి కుటుంబాలు మరికొన్ని కలుసుకోవడానికి పనికివస్తాయనే ఆశతోనే ఈ వివరాలు భద్రపరిచానని స్టిల్ తరువాత రాశాడు.

పీటర్ భార్య వైనా, ముగ్గురు పిల్లలు అప్పటికింకా అలబామాలోనే ఉన్నారు. వారిని తీసుకురావడానికి సెత్ కాంక్లిన్ అనే తెల్లజాతి వ్యక్తి 1851లో స్వచ్ఛందంగా వెళ్ళి, ఇండియానా దాకా తీసుకొచ్చి, అక్కడ అందరితో కలిసి పట్టుబడ్డాడు. వెనక్కి తీసుకుపోతుండగా సంకెళ్ళతోనే నీళ్ళలో శవమై తేలాడు. యజమాని ఆ నలుగురికీ 5,000 డాలర్లు అడిగాడు. పీటర్ ఊరూరా తిరిగి తన కథ చెప్పుకుంటూ, నాణెం నాణెం పోగుచేసి, 1854 చివరికి ఆ సొమ్ము కట్టి వారిని తెచ్చుకున్నాడు.